వేదిక మీది ఉక్క

వియ్యంకుడి నోటి నుంచి ఆ మాట వచ్చేదాకా ఏసీ మేస్త్రీకి కోపం తెలుసు కానీ పగ తెలియదు. కోపమొస్తే చేతిలో స్పానరు విసిరికొట్టేవాడు. కాసేపటికి తనే వెళ్లి, వంగి, వెతికి తెచ్చుకునేవాడు. అంతటితో సరి. మనిషి భారీ విగ్రహం. లిఫ్టు లేని మేడల్లో ఏసీ బయటి పెట్టెను ఒక్కడే భుజానికెత్తుకుని మెట్లెక్కుతుంటే, ఇళ్లవాళ్లు తలుపులు తీసి వింతగా చూసేవాళ్లు. చూస్తున్నారని తెలిసి ఆయన ఇంకాస్త హుషారుగా ఎక్కేవాడు.

అరవై ఏళ్లు దగ్గర పడుతుండగా ఆ మనిషికి ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సరని తేలింది. పెద్ద డాక్టరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుని నిదానంగా చెప్పింది.

"దీనికి మగ హార్మోనే తిండండీ. ఇంజెక్షనుతో ఆ తిండి ఆపేస్తాం. తిండి లేకపోతే అది ముడుచుకు పడుంటుంది. కాకపోతే ఆ హార్మోను మీక్కూడా కావాల్సిందే కదా. కొన్ని ఇబ్బందులుంటాయి. ఏదొచ్చినా నాకు చెప్పాలి, దాచుకోకూడదు."

ఆయన బుద్ధిగా తలూపాడు. దాచుకోవడం ఆ తలూపుతోనే మొదలైంది.

పొట్ట మీద చర్మం కింద ఇంజెక్షను పడ్డ కొన్నాళ్లకు మొదటి ఆవిరి వచ్చింది. అదీ ఎక్కడ? ఒక బ్యాంకులో కంప్యూటర్లు పెట్టే గదిలో. తనే బిగించిన ఏసీ కింద. అక్కడి గుమాస్తాలు స్వెట్టర్లు వేసుకుని కూర్చున్నారు. రొమ్ములో నిప్పు రాజుకున్నట్టయి, మెడ మీదుగా చెవుల్లోకి, చెవుల్లోంచి నడినెత్తికి పాకింది. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. గుమాస్తా ఒకడు "ఏం మేస్త్రీ, నీ ఏసీ నీకే పని చెయ్యడం లేదా?" అన్నాడు. నవ్వేసి ఊరుకున్నాడు. ఆవిరి దిగిపోయాక తడి చొక్కాలో దవడలు కొట్టుకునేంత చలి పట్టుకుంది.

తర్వాత ఒకటొకటే వచ్చాయి. నడుం చుట్టూ కొవ్వు చేరింది. చేతుల్లో కండ కరిగింది. నిచ్చెన సగం ఎక్కేసరికి మోకాళ్లు మొరాయించాయి. ఛాతీ ఉబ్బింది. ఉబ్బడమే కాదు, బనీను రాసుకున్నా సలిపేది. టీవీలో తప్పిపోయిన కుక్కపిల్ల ఇల్లు చేరిందని చూపిస్తే వెక్కివెక్కి ఏడ్చాడు. ఏడ్చినందుకు సిగ్గుపడి స్నానాల గదిలోకి వెళ్లి మళ్లీ ఏడ్చాడు. ఇక మంచం సంగతి. భార్య పక్కన పడుకుంటే కోరిక పుట్టడం లేదు. పుట్టడం లేదన్న బాధ కూడా పుట్టడం లేదు. ఆయన్ని ఎక్కువ భయపెట్టింది ఈ రెండోదే.

భార్య ఇంట్లోనే కుట్టు మిషను పెట్టుకుని వీధిలోవాళ్లకి బట్టలు కుట్టేది. ఆవిడది చురుకు నాలుక. తడి తువ్వాలు ఆయన మెడ మీద వేస్తూ, "నాకు ఆవిర్లొచ్చిన రోజుల్లో ఫ్యాను కట్టేసి దుప్పటి ముసుగు తన్నిన మహానుభావులు మీరు. ఇప్పుడు చూడండి ఆ సుఖమేమిటో," అంది. అంటూనే మందపాటి గుడ్డతో, రెండు వైపులా జేబులతో, ఛాతీ కనపడకుండా అరడజను చొక్కాలు కుట్టిపెట్టింది.

విషయం తెలిసింది భార్యకీ, ఒక్కగానొక్క కూతురికీ. అంతే.

కూతురి మామగారు, అంటే మన మేస్త్రీకి వియ్యంకుడు, ఒక సభల హాలుకి యజమాని. సంఘాల సమావేశాలకీ, పుస్తకాల ఆవిష్కరణలకీ, కంపెనీల వార్షికోత్సవాలకీ అద్దెకిస్తాడు. ఆ హాలుకి ఏసీ గొట్టాలు వేసిందీ, ఇప్పటికీ చూసుకుంటున్నదీ మేస్త్రీయే. సంబంధం కుదిరింది కూడా ఆ రాకపోకల్లోనే. యజమాని మాటకారి. మైకు కనిపిస్తే చాలు, చెయ్యి దానంతటదే చాచుకుంటుంది. ఆయన హాస్యానికి ఎప్పుడూ ఒక మనిషి కావాలి: కూర్చోబెట్టి తొక్క ఒలవడానికి. ఒకసారి వంటమనిషి, ఒకసారి కాపలావాడు, ఇంకెవరూ దొరక్కపోతే సొంత కొడుకు. ఆ కొడుకు, మేస్త్రీ అల్లుడు, మాటకి ముందు కాస్త తడబడతాడు. అందుకే తక్కువ మాట్లాడతాడు.

మనవడి పుట్టినరోజు యజమాని ఇంట్లోనే జరిగింది. ముందుగది నిండా బెలూన్లు, చుట్టాలు, యజమాని వ్యాపార మిత్రులు. పిల్లాడు తాతని చూసి చేతులు చాచాడు. మేస్త్రీ ఎత్తుకున్నాడు. వాడు ముద్దుగా తల ఆనించిన చోటే నొప్పి. పళ్ల బిగువున ఓర్చుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఆవిరి కూడా లేచింది. ముఖం ఎర్రబడి, నుదురంతా నీళ్లు కారసాగాయి.

యజమాని చెంచాతో గ్లాసు మీద టింగుటింగుమని కొట్టాడు.

"ఒక్క మాట వినండి అందరూ. ఈయన మా బావగారని మీకు తెలుసు కదా. ఇవాళ్టి నుంచి కాదు. వదినగారు. నిజమండీ, డాక్టర్లు ఇంజెక్షనేసి మరీ మార్చారు. ఆవిర్లొస్తున్నాయి, ఏడుపొస్తోంది, పైగా ఎదుగుదల కూడా చూశారా? మా మనవడికిక డబ్బా పాలు అక్కర్లేదు."

ముందు ఒకరిద్దరు నవ్వారు. ఆ తర్వాత, ఎందుకు నవ్వుతున్నారో తెలియనివాళ్లు కూడా నవ్వారు.

ఏదో ఒకటి అనాలని మేస్త్రీ నోరు తెరిచాడు. కళ్లలోంచి నీళ్లు మాత్రం ధారగా వచ్చాయి. అవి మందు తెచ్చిన నీళ్లో, మాట తెచ్చిన నీళ్లో ఆయనకే తెలియలేదు. "చూశారా, చెప్పానా," అన్నాడు యజమాని. భార్య వచ్చి ఆయన చేతుల్లోంచి పిల్లాణ్ని తీసుకుంది. పాలిపోయి నిలబడ్డ కూతురికి అందించింది. "పదండి," అంది. కేకు కొయ్యకముందే ఇద్దరూ బయటికి నడిచారు.

కూతురు మర్నాడు ఫోను చేసి ఏడ్చింది. పుట్టినరోజుకి ముందు, బాబుని తాత ఎత్తుకోవడం లేదు, మనసు లేదేమోనని అత్తగారు దెప్పుతుంటే, ఆగలేక ఆవిడొక్కదానికే చెప్పిందట. ఆవిడ మొగుడి చెవిన వేసింది.

"మీ మామగారేమంటున్నారు?" అడిగాడు మేస్త్రీ.

"సరదాకన్నాను, అంతమాత్రానికే అలిగి వెళ్లిపోవాలా అంటున్నారు నాన్నా."

"సరే," అన్నాడు. ఫోను పెట్టేశాడు.

ఆ వారంలోనే విడిభాగాల కొట్లో కాలు పెడితే, రాగి గొట్టాల చుట్టల వెనక నుంచి ఎవరో "వదినగారొచ్చారు, దారివ్వండిరా," అన్నారు. మేస్త్రీ వెనక్కి తిరిగి చూడలేదు. కావాల్సిన గ్యాసు సిలిండరు కొనుక్కుని, స్కూటరెక్కి ఇంటికొచ్చాడు. మిషను దగ్గర కూర్చున్న భార్యతో చాలా మామూలుగా అన్నాడు:

"మందు నా ఒంట్లోంచి అన్ని కోరికలూ తోడేసింది. ఒక్కటి మాత్రం మిగిలింది. ఆ వియ్యంకుడు పదిమందిలో చెమటలు కక్కుతుంటే చూడాలి."

భార్య మిషను ఆపి ఆయన ముఖం చూసింది. చాలా రోజుల తర్వాత ఆ కళ్లలో వెలుగు కనిపించింది. "కాళ్లు కడుక్కుని రండి, అన్నం పెడతాను," అంది. ఆ పూట ఆయన తృప్తిగా తిన్నాడు.

అప్పటి నుంచి ఆయనకి పగే టానిక్కయింది. పొద్దున్నే లేచి వీధి చివరిదాకా నడవడం మొదలుపెట్టాడు. ఆ హాలు అటక మీదికెక్కాలంటే కాళ్లలో కాస్తయినా సత్తువుండాలి. ఎక్కి ఏం చెయ్యాలో అప్పటికే తేలిపోయింది. యజమాని వర్తక సంఘానికి అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. పదవి చేపట్టే సభ సొంత హాల్లోనే. వేదిక మీదికి చల్లగాలి విడి గొట్టంలో వస్తుంది. దానికి పైన అటకలో ఒక రేకు తలుపుంది. పిడి తిప్పి దాన్ని మూస్తే వేదికకి గాలి ఆగిపోతుంది. కింద కూర్చున్న జనానికి మాత్రం హాయిగా చల్లగానే ఉంటుంది. వేదిక మీద పెద్ద పెద్ద దీపాలు. మిగతా పెద్దలు రెండేసి మాటలు చెప్పి కిందికి దిగి ముందు వరుసలో కూర్చోవాలన్నది యజమానే చేసిన ఏర్పాటు. ఫొటోల్లో తనొక్కడే ఉండాలట.

సభ ముందురోజు మేస్త్రీ ఇదంతా భార్యకి చెప్పాడు.

"తర్వాత?" అందావిడ.

"తర్వాతేముంది? మాడతాడు. ఏసీ చెడిందనుకుంటారు. మెల్లిగా తెరిచేసి వచ్చేస్తాను."

"ఎవరు చేశారో వాడికి తెలియొద్దా? చాటుగా చేసేది రిపేరవుతుంది కానీ పగ తీర్చుకోవడం ఎలా అవుతుందండీ? వాడు మిమ్మల్ని మూల గదిలోకి పిలిచి అన్నాడా ఆ మాట?"

"నా పాత చొక్కా ఒకటి తియ్యి," అన్నాడు మేస్త్రీ. "పల్చటిది."

"అందులో అంతా కనిపిస్తుంది."

"కనిపించనీ."

సభ రోజు హాలు కిటకిటలాడింది. యజమాని నల్లటి సూటు, తెల్లటి కాలరు, మెడకి టై బిగించి, అప్పుడే రంగేసిన జుట్టుతో నిగనిగలాడుతూ మైకు ముందు నిలబడ్డాడు. మేస్త్రీ భార్య చేతిసంచి ఒళ్లో పెట్టుకుని మూడో వరుసలో కూర్చుంది. మేస్త్రీ అటకలో పిడి తిప్పేసి, ఆగి ఆగి మెట్లు దిగి, హాలు వెనక గోడకి చేరబడి నిలబడ్డాడు.

కాసేపు ఏమీ జరగలేదు. యజమాని సంఘం ఆశయాల గురించి చెబుతున్నాడు. మెల్లగా ఆయన వేలు కాలరులోకి పోయి అటూ ఇటూ తిరిగింది. తర్వాత రుమాలు బయటికొచ్చింది. నుదురు తుడుచుకుంటే రుమాలుకి నలుపంటింది. చూసి గబుక్కున జేబులో కుక్కేశాడు. చెమట ఆగుతుందా? చెవి పక్క నుంచి ఒక నల్లటి చార బయల్దేరి, దవడ దాటి, తెల్ల కాలరు మీద సిరాచుక్కలా విప్పారింది. రెండో వైపు నుంచి ఇంకొకటి.

ఆ చారలు చూస్తుంటే మేస్త్రీకి కడుపులో చల్లగా, తియ్యగా అనిపించింది. నెలల తర్వాత ఒంట్లో సుఖమనేది కలిగింది. అబద్ధమెందుకు, జాలి రవ్వంత కూడా కలగలేదు.

"ఏమిటిది... ఏసీ పనిచెయ్యడం లేదా?" అన్నాడు యజమాని మైకులో.

ముందు వరుసలో ఒకావిడ శాలువా సర్దుకుంటూ, "ఇక్కడ చలిగానే ఉందండీ," అంది. పక్కవాళ్లు కూడా అవునన్నట్టు తలూపారు.

"మరి నాకొక్కడికే ఎందుకిలా... మా మేస్త్రీ ఏడీ? పిలవండి ఎవరైనా."

మేస్త్రీ గోడ వదిలి కుర్చీల మధ్య దారిలో నడిచాడు. తొందరపడలేదు. పల్చటి చొక్కాలో ఛాతీ అందరికీ కనబడుతూనే ఉంది. వేదికెక్కి, మైకు పక్కన నిలబడి, భుజం మీది తువ్వాలు తీసి అందించాడు.

"తుడుచుకోండి, వదినగారూ."

మైకు ఆ మాటని హాలు నాలుగు మూలలకీ మోసింది.

"ఏమన్నావు?" అన్నాడు యజమాని.

"ఆవిర్లండీ. మొదట్లో ఇలాగే ఉంటుంది. అందరికీ చలి, మనకొక్కరికే ఉడుకు. కంగారు పడకండి. ఏడుపొస్తే ఏడ్చెయ్యండి, మొహమాటపడొద్దు."

వెనక వరుసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. పుట్టినరోజునాడు నవ్వినవాళ్లలో చాలామంది అక్కడున్నారు. ఆ మాట ఎక్కడిదో వాళ్లు పక్కవాళ్లకి చెబుతుంటే నవ్వు ఒక్కో వరుసే ముందుకొచ్చింది. యజమాని తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. నల్లరంగు బుగ్గలంతా పులుముకుంది. ఇక హాలు ఆగలేదు.

నవ్వు తగ్గేదాకా నిలబడి మేస్త్రీ జనం వైపు తిరిగాడు.

"నాకు క్యాన్సరండీ. దానికి వేసే ఇంజెక్షను వల్ల చెమటలు పడతాయి, ఛాతీ పెరిగింది, ఏడుపొస్తుంది. ఇన్నాళ్లూ దాచుకున్నాను. ఇక దాచను, చూడాలనుకున్నవాళ్లు చూడండి. మా వియ్యంకుడుగారికి మాత్రం ఏ జబ్బూ లేదు, భయపడకండి. పైన గాలి తలుపు నేనే మూశాను."

"నువ్వా? నా హాల్లో..."

"నేనే. వెళ్లి తెరుస్తాను. కాకపోతే నా ఒంట్లో సత్తువ లేదు కదా, మెట్లు మెల్లిగా ఎక్కుతాను. అప్పటిదాకా కానివ్వండి."

నిజంగానే మెల్లిగా ఎక్కాడు. సగం మెట్ల మీద కూర్చున్నాడు కూడా. అక్కడ ఆయనకే ఆవిరి లేచింది. చొక్కా బొత్తాలు విప్పుకుని, గోడకి వీపానించి, కింద మైకులో యజమాని తడబడుతూ ప్రసంగం పాఠం అప్పజెప్పినట్టు ముగించడం విన్నాడు. చప్పట్ల బదులు దగ్గులు వినబడ్డాయి. అప్పుడు లేచి వెళ్లి పిడి తిప్పాడు.

దిగేసరికి మెట్ల కింద కూతురు నిలబడి ఉంది.

"తృప్తిగా ఉందా నాన్నా?"

"ఉంది."

"నేను ఆ ఇంటికే వెళ్లాలి ఇప్పుడు. అది గుర్తుందా నీకు?"

ఆ సంగతి తట్టలేదనడం అబద్ధం. తట్టింది, పక్కకి నెట్టేశాడు. "నిన్నేమన్నా అంటే నాకు చెప్పు," అన్నాడు.

"చెప్తే ఏం చేస్తావు? ఇంకో తలుపు మూస్తావా?" అంది. "ఆ రోజు నిన్నన్న మాటకి నాకూ ఒళ్లు మండింది నాన్నా. కానీ ఈ మంట మళ్లీ నా కొంపలోనే పెట్టావు." పిల్లాణ్ని చంకనేసుకుని వెళ్లిపోయింది. తర్వాత చాలా రోజులు ఫోను చెయ్యలేదు. చేస్తే ఎత్తలేదు. పగకి ఆయన చెల్లించినది అదే. అది చిన్నదేం కాదు. భార్య కూడా, "దాన్ని నేనూ తలుచుకోలేదండీ," అని ఒక రోజంతా మిషను ముట్టుకోలేదు.

హాలు పని పోయింది. ఆ కబురు చెప్పడానికి అల్లుడొచ్చాడు. గుమ్మంలో నిలబడి, "మ... మామయ్యా, ఇక రావద్దన్నారు నాన్న," అన్నాడు. చెప్పాల్సింది అయిపోయినా కదల్లేదు. మేస్త్రీ భార్య కుర్చీ వేసింది. మంచినీళ్లు తాగాడు.

"చిన్నప్పుడు మా బడి వార్షికోత్సవానికి ఆయనే ముఖ్య అతిథి. నేను ప... పద్యం చెప్పాలి. ఎలా చెప్తానో ముందే మైకులో చేసి చూపించారు. అందరూ నవ్వారు. నేను స్టేజి ఎక్కలేదు." గ్లాసు జాగ్రత్తగా కింద పెట్టాడు. "మొన్న మీరు మెట్ల మీద చాలాసేపు కూర్చున్నారు. నేను కింద నుంచి చూశాను. ఇంకాసేపు కూర్చుంటే బాగుండుననుకున్నాను."

మేస్త్రీ అల్లుడి వైపు కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. ఆయనకి కళ్లు చెమర్చాయి. ఈసారి దాచుకోలేదు. అల్లుడు కూడా చూపు తిప్పుకోలేదు.

"తనతో నేను మాట్లాడతాను మామయ్యా. తనకి కోపం మీ మీద కాదు, భయం అంతే. ఇంట్లో నాన్న గట్టిగా ఒక్క మాటన్నా నేనున్నాను," అన్నాడు. అంత పొడుగు వాక్యం అల్లుడి నోట మేస్త్రీ వినడం అదే మొదలు. అందులో తడబాటు లేదు.

తర్వాతి ఇంజెక్షనుకి వెళ్లినప్పుడు మేస్త్రీ డాక్టరమ్మ అడగకముందే చొక్కా విప్పాడు. నిండు సభలో మైకు ముందు చెప్పుకున్నవాడికి నాలుగు గోడల మధ్య చెప్పుకోవడానికేం? ఛాతీ నొప్పి, ఆవిర్లు, ఏడుపు, మంచం సంగతి, అన్నీ వరసగా చెప్పాడు. డాక్టరమ్మ విని, "ఇన్నాళ్లూ ఏం చేశారండీ?" అని మందలించింది. ఆవిర్లు తగ్గడానికి మాత్ర రాసింది. ఛాతీ నొప్పికి కొద్దిపాటి రేడియేషన్ పెట్టించుకోవచ్చని, ఎముకలు బోలు కాకుండా బరువులెత్తాలని చెప్పింది. పెరిగింది పూర్తిగా తగ్గుతుందని మాట ఇవ్వలేనంది. ఆయన ఫరవాలేదన్నాడు. ఇంటికొచ్చి నీళ్ల డబ్బాలు రెండు చేతులతో ఎత్తి దించుతుంటే భార్య అంకెలు లెక్కపెట్టబోయి, నవ్వొచ్చి ఆపేసింది.

ఆవిర్లు పూర్తిగా పోలేదు, పల్చబడ్డాయి. విడిభాగాల కొట్లో ఇప్పుడెవరూ గొట్టాల వెనక నుంచి మాట్లాడరు. యజమానిని మాత్రం సంఘంలో చాటుగా 'కాటుక అధ్యక్షుడు' అంటున్నారని విన్నప్పుడు మేస్త్రీ ఆ మాటని రెండుసార్లు చెప్పించుకున్నాడు.

కూతురు ఒక ఆదివారం పిల్లాణ్ని తీసుకుని వచ్చింది. తండ్రితో ముభావంగానే ఉంది కానీ వచ్చింది. సాయంత్రం వాళ్లని తీసుకెళ్లడానికి కారులో వచ్చినవాడు అల్లుడు కాదు, వియ్యంకుడు. జుట్టుకి రంగు మానేసినట్టున్నాడు, తెల్లగా ఉంది. గేటు బయటే ఆగిపోయాడు. మేస్త్రీ పిల్లాణ్నెత్తుకుని గేటు దాకా వెళ్లాడు. వాడి తల ఛాతీకానింది. కాస్త సలిపింది, మునుపంత కాదు.

యజమాని చూపు ఆ ఛాతీ వైపు పోబోయి, మధ్యలోనే ఆగి, నేల మీదికి దిగింది.

"బాగున్నారా, బావగారూ?" అన్నాడు. 'బావగారూ' అనే మాటని విరగకుండా, ఒలక్కుండా, రెండు చేతులతో పట్టుకుని అందించినట్టన్నాడు.

"బాగానే ఉన్నానండీ. సరిగ్గా వినపడలేదు, ఏమన్నారు?"

యజమాని మెడ బిగుసుకుంది. "బాగున్నారా, బావగారూ అన్నాను."

"ఆ. బాగున్నాను," అన్నాడు మేస్త్రీ. పిల్లాణ్ని అందించాడు.

కారు వీధి మలుపు తిరిగాక భార్య గుమ్మంలోంచి అడిగింది. "పాపం, తగ్గాడు కదా. ఇంకా ఉందా మీకు ఆ పగ?"

"ఉంది," అన్నాడు ఆయన. "ఉండనీ."